బ్రెత్ టెస్టులో సున్నా, నడకలో తూలు: డ్రైవర్ల రక్తంలో కొత్త మత్తుమందుల కోసం కట్టిన పద్ధతి (ప్రాజెక్టు డైరీ)

అమెరికా తూర్పు తీరంలో ఒక ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో టాక్సికాలజీ విభాగంలో పనిచేస్తాను. మత్తులో బండి నడుపుతున్నారన్న అనుమానంతో పోలీసులు ఆపినవాళ్ల రక్తం మా దగ్గరికి వస్తుంది. పాత పరీక్షలకు దొరకని కొత్త మందుల కోసం ఎల్‌సీ-క్యూటాఫ్ (కాలమ్ అనే సన్నని గొట్టంలో పదార్థాలను విడదీసి, ఒక్కోదాని బరువును, అంటే మాస్‌ను, కచ్చితంగా కొలిచే మెషీన్) మీద ఒక పద్ధతి కట్టాం. ఆ నోటుబుక్కులోంచి పనికొచ్చేవి ఏరి ఇక్కడ రాస్తున్నాను. ఇండియాలో ఎఫ్‌ఎస్‌ఎల్‌లలో (ఫోరెన్సిక్ ల్యాబ్‌లలో) పనిచేసే మిత్రులు, ఫోరెన్సిక్ ఎమ్మెస్సీ చదివే పిల్లలు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. కేసుల వివరాలు ఏవీ ఉండవు. అంకెలు మా మెషీన్‌వి, మా కాలమ్‌వి. మీ దగ్గర అవి మారతాయి. ఏది ఎందుకు మార్చామో చూసుకుంటే చాలు.

దశ 1. తేడా కొట్టే శాంపిళ్లు

మా ల్యాబ్‌లో పని వరస ఇది: ముందు ఆల్కహాల్, తర్వాత ఎలైజా స్క్రీనింగ్ (యాంటీబాడీతో మందుల తరగతిని పట్టే తొలి పరీక్ష), అందులో పాజిటివ్ వచ్చిన తరగతికి ట్రిపుల్ క్వాడ్ (ముందే ఇచ్చిన పేర్లను మాత్రమే వెతికే మాస్ మెషీన్) మీద కన్ఫర్మేషన్ (ఏ మందో తేల్చే పరీక్ష). ఎలైజాలో బెంజోడయాజెపైన్ (క్లుప్తంగా బెంజో: నిద్ర, ఆందోళన మాత్రల తరగతి) పాజిటివ్ వస్తుంది. కన్ఫర్మేషన్‌లో ఆల్ప్రజోలామ్, డైజెపామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ ఏదీ ఉండదు. ఇలాంటివి కొన్నేళ్లుగా పేరుకుంటున్నాయి. రిపోర్టు మాత్రం "ఏమీ దొరకలేదు" అని వెళ్లిపోయేది.

నిజానికి ఎలైజా అబద్ధం చెప్పలేదు. ఆ యాంటీబాడీ ఆల్ప్రజోలామ్‌ను పోలిన డిజైనర్ బెంజోలను (వీధి మార్కెట్ కోసం కొద్దిగా మార్చి చేసినవి) కూడా పట్టుకుంటుంది. మన కన్ఫర్మేషన్ జాబితాలో వాటి పేర్లు లేవు, అంతే.

రెండో రకం ఇంతకంటే చిక్కు. నిటజీన్ తరగతి ఓపియాయిడ్లను (నల్లమందు తరహా మందులు, ఫెంటనిల్ కూడా అలాంటిదే) ఫెంటనిల్ ఎలైజా గుర్తించదు. సింథటిక్ కన్నాబినాయిడ్లు (గంజాయిలా పనిచేసేలా ల్యాబ్‌లో చేసినవి) గంజాయి ఎలైజాకు కనబడవు. అంటే స్క్రీనింగ్ మొత్తం శుభ్రంగా వస్తుంది, డ్రైవరేమో సీట్లోనే జోగుతుంటాడు. ఇక్కడ మాకు పనికొచ్చింది డీఆర్ఈ (డ్రగ్ రికగ్నిషన్ ఎక్స్‌పర్ట్) ఫారం. 1970ల్లో లాస్ ఏంజెలెస్ పోలీసుల దగ్గర మొదలైన పద్ధతి ఇది. శిక్షణ పొందిన అధికారి 12 మెట్లలో మనిషిని పరీక్షించి, 7 తరగతుల్లో ఏ మందు పని అయి ఉండొచ్చో రాస్తాడు. పెన్నును కళ్లతో వెంబడించమంటే కనుగుడ్డు కుదుపులుగా కదిలి, నాడి నెమ్మదించి, కనుపాప మామూలుగా ఉంటే డిప్రెసెంట్ (మెదడును మందగింపజేసే మందు) వైపు చూడాలి. కనుపాప సూదిమొనంత అయి, కనుగుడ్డు కుదుపు లేకపోతే ఓపియాయిడ్ వైపు.

శాంపిళ్లు ఇలా ఏరాం:

1. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం కంటే తక్కువ ఉన్నవి.
2. మొదటి పెట్టె: ఎలైజా బెంజో పాజిటివ్, కన్ఫర్మేషన్ నెగటివ్.
3. రెండో పెట్టె: ఎలైజా మొత్తం నెగటివ్, డీఆర్ఈ ఫారంలో డిప్రెసెంట్ లేదా ఓపియాయిడ్ అని రాసినవి.
4. సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉన్న గ్రే టాప్ ట్యూబ్‌లో వచ్చి, ఫ్రిజ్‌లో ఉండి, కనీసం 2 ఎంఎల్ మిగిలినవి మాత్రమే.

మొదటి నియమం గురించి ఒక మాట. ఆల్కహాల్ పరిమితి దాటితే ఇక డ్రగ్స్ పరీక్ష చేయని పద్ధతి ఇక్కడ చాలా ల్యాబ్‌లలో ఉంది, మా దగ్గరా ఉంది. మందు తాగి, పైగా మాత్ర కూడా వేసుకున్నవాళ్లెవరూ ఈ పెట్టెల్లోకి రారు. అందుకే మా ఫలితాల నుంచి "డ్రైవర్లలో ఇంత శాతం" అని ఎవరూ లెక్క కట్టకండి. మేమూ కట్టలేదు.

దశ 2. జాబితా

ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం దగ్గర నమోదైన కొత్త మత్తుమందులు 1,200 దాటాయి. అన్నింటికీ స్టాండర్డ్ (పోల్చి చూడటానికి వాడే శుద్ధమైన నమూనా) కొని వాలిడేషన్ (పద్ధతి నమ్మదగినదని నిరూపించే పరీక్షలు) చేయడం ఏ ల్యాబ్ వల్లా కాదు. మేము చూసుకున్నవి రెండు. ఒకటి, పెన్సిల్వేనియాలోని సీఎఫ్‌ఎస్‌ఆర్‌ఈ సంస్థ నడిపే ఎన్‌పీఎస్ డిస్కవరీ నివేదికలు. ప్రస్తుతం అమెరికాలో ఏవి తిరుగుతున్నాయో వీటిలో తెలుస్తుంది. రెండు, హైరెస్‌ఎన్‌పీఎస్ అనే ఉచిత డేటాబేస్. ప్రపంచం నలుమూలల ల్యాబ్‌లు తమ మెషీన్లలో చూసిన కచ్చితమైన మాస్‌లు, ఫ్రాగ్‌మెంట్లు (మెషీన్‌లో మందు విరిగి వచ్చే ముక్కలు) అందులో పెడతాయి. స్టాండర్డ్ చేతికి రాకముందే దేనికోసం వెతకాలో దీనివల్ల తెలుస్తుంది.

జాబితా ఎంత త్వరగా పాతబడుతుందో చెప్పడానికి బెంజోలు చాలు. 2023 జులైలో అమెరికా మత్తుమందుల నియంత్రణ సంస్థ డీఈఏ ఎటిజోలామ్, ఫ్లూఆల్ప్రజోలామ్, క్లోనజోలామ్, ఫ్లూబ్రోమజోలామ్, డైక్లాజెపామ్ అయిదింటినీ తాత్కాలికంగా షెడ్యూల్ 1లో (అన్నిటికంటే కఠినమైన నియంత్రణ జాబితా) పెట్టింది. ఆ ఉత్తర్వులో బ్రోమజోలామ్ పేరు లేదు. మార్కెట్ అటువైపు జరిగింది. 2024 మార్చిలో ఐక్యరాజ్యసమితి కమిషన్ బ్రోమజోలామ్‌ను 1971 ఒప్పందం కింద షెడ్యూల్ 4లో చేర్చింది. అప్పటికే డెస్‌ఆల్కైల్‌గిడజెపామ్, ఫెనజోలామ్ లాంటి పేర్లు నివేదికల్లో కనిపిస్తున్నాయి.

ఎటిజోలామ్ దగ్గర మా సూపర్‌వైజర్‌కు ఒక విషయం చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ షెడ్యూల్ 1 అయిన ఈ మందు ఇండియాలో డాక్టరు చీటీ మీద మందుల షాపులో దొరికే మాత్ర. పిల్లల్ని చూడటానికి వచ్చిన పెద్దవాళ్ల సూట్‌కేసులో నిద్రమాత్రల పట్టీ ఉండటం వింతేమీ కాదు. రక్తంలో ఎటిజోలామ్ దొరికితే వీధిలో కొన్నదే అని రిపోర్టు రాసేవాడు అనుకోకూడదు. రిపోర్టులో మందు పేరు, మోతాదు వరకే రాయాలని అప్పుడే తేల్చుకున్నాం.

స్టాండర్డ్‌లు కొనేటప్పుడు షెడ్యూల్ 1 మందుల కాగితాలే ఎక్కువ ఆలస్యం చేశాయి. పలచని ద్రావణంగా ఆంప్యూల్‌లో వచ్చే, ఆ కాగితాల నుంచి మినహాయింపు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, పొడి జోలికి పోవద్దు. ఒక సరఫరాదారు నుంచి వచ్చిన ఒక బెంజో స్టాండర్డ్‌లో పక్కనే ఇంకో చిన్న పీక్ (మెషీన్ గ్రాఫ్‌లో ఒక పదార్థాన్ని చూపే శిఖరం) వచ్చింది. సర్టిఫికెట్‌లో ప్యూరిటీ బాగానే ఉంది. మరో లాట్ తెప్పించి పోల్చాక పాతదాన్ని పక్కన పెట్టేశాం. కొత్త ఆంప్యూల్ ఏది వచ్చినా ముందు ఒంటరిగా ఒకసారి మెషీన్‌లోకి పంపి చూడండి. మిక్స్‌లో కలిపాక తేడా కనిపెట్టడం కష్టం.

లెక్క (దశ 2 చివర): బెంజోలు 14, నిటజీన్లు-ఫెంటనిల్ రకాలు 9, కాథినోన్లు (ఉత్తేజకాలు) 8, సింథటిక్ కన్నాబినాయిడ్లు వాటి యాసిడ్ మెటబొలైట్లతో (శరీరంలో మారిన ఆమ్ల రూపాలతో) కలిపి 7, జైలజీన్, మెడెటోమిడిన్ (పశువైద్యంలో వాడే మత్తుమందులు) 2. మొత్తం 40.

దశ 3. ఎక్స్‌ట్రాక్షన్

రక్తంలోంచి మందులను బయటికి లాగే పని ఇది. ఎక్కువ కాలం తిన్నది ఈ దశే.

మొదట ప్రొటీన్ ప్రెసిపిటేషన్‌తో వెళ్లాం. రక్తంలో చల్లని అసిటోనైట్రైల్ పోసి, తిప్పి, పైన తేరింది తీసుకోవడమే. బెంజోలకు సరిపోయింది. నిటజీన్ల దగ్గర కుదరలేదు. ఈ మందులు రక్తంలో ఒక ఎంఎల్‌కు ఒక నానోగ్రాము చుట్టుపక్కలే ఉంటాయి, ఒక్కోసారి అంతకంటే తక్కువ. 0.5 దగ్గర ఐసోటోనిటజీన్ పీక్ శబ్దంలో కలిసిపోయింది. పైగా మురికి అంతా మెషీన్‌లోకి వెళ్లి, సోర్స్‌ను (శాంపిల్ మాస్ మెషీన్‌లోకి వెళ్లే ముఖద్వారం) మాటిమాటికీ కడగాల్సి వచ్చింది.

తర్వాత లిక్విడ్-లిక్విడ్‌కు (నీటితో కలవని ద్రావణిలోకి మందును లాగడం) మారాం: బోరాక్స్ బఫర్, పీహెచ్ 10.4, ఎన్-బ్యూటైల్ క్లోరైడ్, ఇథైల్ అసిటేట్ 70:30. ప్రచురిత పద్ధతుల్లో బాగా నలిగిన మిశ్రమం ఇది. బెంజోలు, నిటజీన్లు 75 నుంచి 90 శాతం దాకా తిరిగి వచ్చాయి. కాథినోన్లు మాత్రం 20-30 దగ్గరే ఆగిపోయాయి.

కాథినోన్లు ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఒక సెట్‌లో స్టాండర్డ్‌ను రక్తంలో కలపండి. రెండో సెట్‌లో ఎక్స్‌ట్రాక్షన్ అయ్యాక, ఆరబెట్టే ముందు కలపండి. మూడో సెట్‌లో ఆరబెట్టాక కలపండి. మాకు రెండో సెట్ కూడా పడిపోయింది, మూడోది నిలబడింది. అంటే పోతున్నది నత్రజని కింద ఆరబెట్టేటప్పుడే. ఫ్రీ బేస్ (లవణం కాని) రూపంలో ఇవి ఆవిరైపోతాయి. ఆరబెట్టే ముందు మిథనాల్‌లో కలిపిన పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మైక్రోలీటర్లు వేసి లవణంగా మార్చాం, వేడిని 40 నుంచి 35 డిగ్రీలకు తగ్గించాం. రికవరీ (తిరిగి వచ్చిన భాగం) 70 శాతం దాటింది.

మూడో గండం సింథటిక్ కన్నాబినాయిడ్లు. ఎండీఎంబీ-4ఎన్-పినాకా లాంటి వాటికి చివర మిథైల్ ఎస్టర్ ఉంటుంది. అది శరీరంలో విరిగి ఆమ్లం అవుతుంది, ట్యూబ్‌లో ఉన్న రక్తంలోనూ విరుగుతూనే ఉంటుంది. అంటే అసలు మందు తరుగుతుంటే ఆమ్లం మిగులుతుంది, మనం వెతకాల్సింది కూడా దాన్నే. కానీ పీహెచ్ 10.4లో ఆమ్లం అయాన్‌గా మారి నీటి పొరలోనే కూర్చుంటుంది. పై పొర తీసుకుని కింద పొర పారబోసేది మనమే! ఒకే ఎక్స్‌ట్రాక్షన్‌లో అన్నీ పట్టాలని పీహెచ్ 9, 8, 7 అని దించుతూ పోయాం. ఏ పీహెచ్ దగ్గరా రెండు పక్షాలూ బాగుపడలేదు. ఆ ఆశ వదులుకుని ఈ ఏడింటినీ వేరు చేశాం. వాటికి ఆమ్ల పీహెచ్‌లో విడిగా ఎక్స్‌ట్రాక్షన్, ట్రిపుల్ క్వాడ్ మీద విడిగా పరుగు. ప్లాస్టిక్ ట్యూబ్ గోడలకు అంటుకుంటాయి కాబట్టి అక్కడ గాజువే వాడుతున్నాం.

గడ్డకట్టిన పాత రక్తంతో ఇంకో చికాకు: గట్టిగా వోర్టెక్స్ చేస్తే (మెషీన్ మీద గిలక్కొడితే) మధ్యలో జిగురులాంటి పొర ఏర్పడి విడదు. వోర్టెక్స్ మానేసి రొటేటర్ మీద నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాక తగ్గింది.

ఇప్పుడు నడుస్తున్న బేసిక్ ఎక్స్‌ట్రాక్షన్:

1. రక్తం 0.5 ఎంఎల్, స్క్రూ మూత గాజు ట్యూబ్‌లో.
2. ఇంటర్నల్ స్టాండర్డ్ (నష్టాన్ని సరిచూడటానికి ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో కలిపేది) మిక్స్ 25 మైక్రోలీటర్లు: ఆల్ప్రజోలామ్-డీ5, ఫెంటనిల్-డీ5, మెఫెడ్రోన్-డీ3.
3. బోరాక్స్ బఫర్ 1 ఎంఎల్.
4. 70:30 సాల్వెంట్ 3 ఎంఎల్.
5. రొటేటర్ మీద 10 నిమిషాలు. తర్వాత సెంట్రిఫ్యూజ్ 10 నిమిషాలు.
6. పై పొర కొత్త ట్యూబ్‌లోకి. ఆమ్లం కలిపిన మిథనాల్ 100 మైక్రోలీటర్లు.
7. 35 డిగ్రీల దగ్గర నత్రజని కింద ఆరబెట్టాలి. ఆరిన ట్యూబ్‌ను అలాగే వదిలేయకుండా వెంటనే తీయాలి.
8. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావణం) 200 మైక్రోలీటర్లలో కలిపి వయల్‌లోకి.

లెక్క (దశ 3 చివర): బేసిక్ ఎక్స్‌ట్రాక్షన్‌లో నిలిచినవి 33. వేరే దారి పట్టినవి 7.

దశ 4. కాలమ్, ఐసోమర్లు

క్యూటాఫ్ మాస్‌ను నాలుగు దశాంశాల దాకా చెబుతుందని చాలామంది కాలమ్‌ను చిన్నచూపు చూస్తారు. ఐసోమర్ల (ఒకే బరువు, వేరే అమరిక ఉన్న మందులు) దగ్గర ఆ దశాంశాలు ఎన్ని ఉన్నా లాభం లేదు. ఐసోటోనిటజీన్, ప్రోటోనిటజీన్ రెండూ 411.2391. యూటిలోన్, పెంటిలోన్, డైబ్యూటిలోన్ మూడూ 236.1281. ఫ్లూరోఫెంటనిల్‌లో ఆర్థో, మెటా, పారా మూడింటి బరువూ ఒకటే. వీటిని విడదీయాల్సింది కాలమే.

సీ18 (మామూలుగా వాడే కాలమ్ రకం) మీద మొదలుపెడితే రెండు నిటజీన్లూ ఒకదాని భుజం మీద ఒకటి వచ్చాయి. బైఫీనైల్ కాలమ్, 2.1 బై 100 మిల్లీమీటర్లది పెట్టి, అసిటోనైట్రైల్ బదులు మిథనాల్ వాడాక విడిపోయాయి. గ్రేడియంట్‌ను (మొబైల్ ఫేజ్‌లో మిథనాల్ శాతాన్ని పెంచుకుంటూ పోవడం) మధ్యలో నెమ్మది చేశాం. పరుగు పొడవు 10 నిమిషాల నుంచి 15కు పెరిగింది, రోజుకు పట్టే శాంపిళ్లు తగ్గాయి. దీనిమీద మా మేనేజర్‌తో కొంత వాదన జరిగింది. చివరికి నెగ్గింది కాలమే.

మెటా, పారా ఫ్లూరోఫెంటనిల్ మాత్రం ఎంత లాగినా పూర్తిగా విడిపోలేదు. వాటిని "మెటా లేదా పారా" అని కలిపి రాయాలని నిర్ణయించాం. తెలియనిది తెలిసినట్టు రాయడం కంటే ఇదే నయం.

మాస్ వైపు చూసుకోవాల్సిన జంట ఒకటి ఉంది. బ్రోమజోలామ్ 353.0396. దానిలో ఒక కార్బన్ బరువైన రకం (కార్బన్-13) అయితే 354.043 దగ్గర చిన్న పీక్ వస్తుంది. క్లోనజోలామ్ 354.0752. క్యూటాఫ్‌కు ఈ రెండూ వేర్వేరు. ట్రిపుల్ క్వాడ్‌కు రెండూ 354. బ్రోమజోలామ్ దండిగా ఉన్న శాంపిల్‌లో క్లోనజోలామ్ కూడా ఉందన్న భ్రమ రావచ్చు. నైట్రో గుంపు ఊడగా వచ్చే 354 నుంచి 308 జంటనే (354 బరువుది విరిగి 308 ముక్క రావడం) ప్రధానంగా చూడండి. బ్రోమజోలామ్‌కు నైట్రో గుంపే లేదు కాబట్టి అది అక్కడికి రాదు.

రిటెన్షన్ టైం (మందు కాలమ్ నుంచి దిగే సమయం) వారం చివరికి జరిగిపోతుండేది. కాలమ్‌ను అనుమానించాం, మార్చినా ఆగలేదు. కారణం మొబైల్ ఫేజ్ సీసా: మూత వదులు, అమోనియం ఫార్మేట్ బఫర్ వారంలో మారిపోతోంది. ఇప్పుడు రెండు రోజులకోసారి కొత్తగా కలుపుతున్నాం. అనుమతించే తేడా 0.15 నిమిషం.

దశ 5. మెషీన్ సెట్టింగు

ఇక్కడ చెప్పుకోదగ్గ నిర్ణయం ఒకటే. డేటా డిపెండెంట్ పద్ధతిలో మెషీన్ ఆ క్షణంలో ఎత్తుగా ఉన్న పీక్‌లను మాత్రమే ఎంచుకుని విరగ్గొడుతుంది. రక్తంలో కెఫీన్, కోటినిన్, పారాసిటమాల్ ఎత్తుగా ఉంటాయి, 0.3 నానోగ్రాముల నిటజీన్ వాటి నీడలో పోతుంది. డేటా ఇండిపెండెంట్ పద్ధతిలో వచ్చిందల్లా విరుగుతుంది. స్పెక్ట్రమ్ చెత్తగా ఉంటుంది, కానీ ఏదీ తప్పిపోదు. ఏడాది తర్వాత కొత్త పేరు తెలిసినప్పుడు పాత ఫైల్ తెరిచి వెతుక్కోవచ్చు. రెండోదే పెట్టాం.

దీని ఖర్చు నిల్వలో కనబడుతుంది. ఫైళ్లు బరువైనవి, వాటిని కొన్నాళ్లకు తుడిచేయాలన్నది కంప్యూటర్ విభాగం నియమం. మీరు ఈ పద్ధతికి వెళ్తే మెషీన్ కొటేషన్‌తో పాటే సర్వర్ కొటేషన్ కూడా పెట్టండి. తర్వాత అడిగితే ఇవ్వరు.

పేరు ఒప్పుకోవడానికి మా షరతులు: మాస్ తేడా 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) లోపు, రిటెన్షన్ టైం 0.15 లోపు, ఐసోటోప్ ఆకారం (ఒకే మూలకపు తేలిక, బరువు రకాల వల్ల వచ్చే పీక్‌ల వరస) సరిపోవాలి, కనీసం రెండు ఫ్రాగ్‌మెంట్లు, అన్నీ అదే బ్యాచ్‌లో నడిచిన స్టాండర్డ్‌తో పోలిక మీద.

దశ 6. వాలిడేషన్

ఏఎస్‌బీ 036 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం చేశాం. ఇండియాలో ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) ఆడిట్ ఉన్నవాళ్లకూ ఈ పట్టిక పనికొస్తుంది. పరిమాణం చెప్పే మందులకు బయాస్ (అసలు విలువ నుంచి తేడా), ప్రెసిషన్ (మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే తేడా) 20 శాతం లోపు ఉండాలి. మూడు మోతాదుల దగ్గర, మూడేసి చొప్పున, అయిదు వేర్వేరు బ్యాచ్‌లలో చూడాలి. మ్యాట్రిక్స్ ప్రభావం (రక్తంలోని ఇతర పదార్థాలు సిగ్నల్‌ను తగ్గించడం, పెంచడం) కనీసం 10 మంది వేర్వేరు మనుషుల రక్తంతో చూడాలి. 25 శాతం దాటితే అది ఫలితాన్ని చెడగొట్టడం లేదని ఇంకా ఎక్కువ రక్తాలతో నిరూపించాలి.

ఖాళీ రక్తం దొరకడమే మొదటి గొడవ. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన గడువు తీరిన రక్తంలో దాతలు వేసుకున్న మందులు ఉంటాయి. ఒక సంచిలో ఆల్ప్రజోలామ్ ఉంది, "బ్లాంక్" అని వాడుదామనుకున్నది. ప్రతి సంచినీ ముందే క్యూటాఫ్ మీద నడిపి చూశాకే సంఖ్య ఇచ్చి ఫ్రీజర్‌లో పెట్టాం.

కొలిచినవి:

బెంజోలు: మ్యాట్రిక్స్ ప్రభావం మైనస్ 8 నుంచి మైనస్ 15 శాతం. గుర్తింపు హద్దు (పట్టగలిగే కనీస మోతాదు) ఎంఎల్‌కు 1 నానోగ్రాము. హాయిగా గడిచాయి.

నిటజీన్లు: గుర్తింపు హద్దు 0.25. మ్యాట్రిక్స్ ప్రభావం మైనస్ 20 దాకా.

కాథినోన్లు: మైనస్ 38 శాతం. ఇవి కాలమ్ నుంచి ముందుగా దిగుతాయి. రక్తంలోని లవణాలూ, కరిగే చెత్తా అప్పుడే దిగుతాయి. ఇంజెక్షన్‌ను 10 నుంచి 5 మైక్రోలీటర్లకు తగ్గిస్తే పెద్దగా మారలేదు. మొదటి 1.2 నిమిషాల ప్రవాహాన్ని వ్యర్థంలోకి మళ్లించి, గ్రేడియంట్ మొదలును 5 శాతం మిథనాల్ దగ్గర ఒక నిమిషం ఆపాక మైనస్ 22కు వచ్చింది. రెండు కాథినోన్లు అప్పటికీ దారికి రాలేదు, వాటిని తీసేశాం.

క్యారీఓవర్ (ముందు శాంపిల్ ఆనవాలు తర్వాతదానిలో మిగలడం): 500 నానోగ్రాముల బ్రోమజోలామ్ తర్వాత నడిపిన బ్లాంక్‌లో చిన్న పీక్. సూదిని ఐసోప్రొపనాల్ కలిపిన ద్రావణంతో కడిగాక పోయింది.

నిలకడ: ఇది చదివేవాళ్లు దాటేయొద్దు. క్లోనజోలామ్ నైట్రో రకం. బెంచ్ మీద ఉంచిన, ఫ్లోరైడ్ లేని రక్తంలో అది త్వరగా తగ్గి 8-అమైనోక్లోనజోలామ్‌గా మారింది. ఫ్లోరైడ్ ఉండి ఫ్రిజ్‌లో పెట్టినదాంట్లో నెమ్మదిగా మారింది. అందుకే లైబ్రరీలో (మెషీన్ పోల్చి చూసే మందుల చిట్టా) క్లోనజోలామ్ ఒక్కటే ఉంటే చాలదు, 324.1011 దగ్గర దాని అమైనో రూపాన్నీ వెతకాలి. కాథినోన్లు గది వేడిలో ఇంకా వేగంగా పోతాయి. పీహెచ్ పెరిగే కొద్దీ వేగం పెరుగుతుంది. శాంపిల్ పోలీసు బండిలో రెండు రోజులు తిరిగితే మన పద్ధతి ఎంత మంచిదైనా ఫలితం ఖాళీయే.

లెక్క (దశ 6 చివర): బేసిక్‌లో మిగిలినవి 31. మెటా, పారా కలిపి ఒక వరస కాబట్టి రిపోర్టులో 30 వరసలు. వీటిలో పరిమాణం కూడా చెప్పగలిగేవి 5: బ్రోమజోలామ్, ఫ్లూఆల్ప్రజోలామ్, ఫ్లూబ్రోమజోలామ్, ఎటిజోలామ్, డెస్‌ఆల్కైల్‌గిడజెపామ్. మిగతావి "ఉంది" వరకే.

దశ 7. పెట్టెలు తెరిచాం

మొదటి పెట్టెలో ఎక్కువగా తేలింది బ్రోమజోలామ్. దీన్ని పట్టుకోవడానికి స్టాండర్డ్ కూడా అక్కర్లేనంత గుర్తు బ్రోమిన్‌ది. ప్రకృతిలో బ్రోమిన్ 79, 81 అని రెండు రకాలు దాదాపు సగం సగం. అందుకే 353.0396, 355.0376 దగ్గర రెండు పీక్‌లు కవలల్లా సమాన ఎత్తులో నిలబడతాయి. ఫ్రాగ్‌మెంట్లలో నత్రజని అణువు ఊడిన 325.0335 కూడా జంటగానే వస్తుంది. బ్రోమిన్ పోయాక వచ్చే 205.0760 మాత్రం ఒంటరి. ఈ 205 ఆల్ప్రజోలామ్‌కూ ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. డెస్‌ఆల్కైల్‌గిడజెపామ్ కూడా 315, 317 అని ఇలాగే దొరికింది.

పాత ఫ్లూఆల్ప్రజోలామ్, ఎటిజోలామ్ శాంపిళ్లు ఎక్కువగా పెట్టె అడుగున, అంటే పాత తేదీల్లో ఉన్నాయి. పైకి వచ్చే కొద్దీ బ్రోమజోలామ్. డీఈఏ ఉత్తర్వు తేదీ గుర్తుపెట్టుకుని చూస్తే అర్థమవుతుంది.

రెండో పెట్టె నిరాశపరచింది. కొన్నింట్లో నిటజీన్ ఉంది, కొన్నింట్లో ఫెంటనిల్ లేకుండా జైలజీన్ కనబడింది. చాలావాటిలో ఏమీ లేదు. అవి నిజంగా ఖాళీయా, విరిగిపోయిన కన్నాబినాయిడ్లా, అలసటా, షుగర్ పడిపోవడమా, మా జాబితాలో లేని మందా అన్నది మేము చెప్పలేం. ఆ ఫైళ్లను దాచాం.

దశ 8. ట్రిపుల్ క్వాడ్ ఉన్నవాళ్లకు

హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు ఫోన్‌లో అడిగాడు: "అన్నా, మా దగ్గర క్యూటాఫ్ లేదు, ట్రిపుల్ క్వాడ్ ఉంది. దాంతో ఏమన్నా అవుతుందా?"

అవుతుంది. తెలిసిన పేర్లకు ట్రిపుల్ క్వాడే ఎక్కువ సున్నితం. తెలియనిదాన్ని మాత్రం అది చూడదు. ఉన్న బెంజో పద్ధతిలో ఇవి కలుపుకోండి:

1. బ్రోమజోలామ్: 353 నుంచి 325, 353 నుంచి 205. తోడుగా 355 నుంచి 327 కూడా పెట్టండి. 353 నుంచి 325తో దాదాపు సమానంగా రావాలి, రాకపోతే అది బ్రోమజోలామ్ కాదు.
2. ఫ్లూఆల్ప్రజోలామ్: 327 నుంచి 299, 327 నుంచి 292.
3. ఫ్లూబ్రోమజోలామ్: 371 నుంచి 343, 371 నుంచి 292.
4. ఎటిజోలామ్: 343 నుంచి 314, 343 నుంచి 259.
5. క్లోనజోలామ్: 354 నుంచి 308, 354 నుంచి 280.

కొలిజన్ ఎనర్జీలు (మందును విరగ్గొట్టే శక్తి) మెషీన్‌ను బట్టి మారతాయి, మీ స్టాండర్డ్‌తో మీరే చూసుకోవాలి.

తెలంగాణలో దీనికి ఇంకో వాడకం ఉంది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం పాత కథే. అది తాగి బండెక్కినవాడు బ్రెత్ ఎనలైజర్‌లో తక్కువ చూపించి కూడా మగతలో ఉండొచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ఆల్కహాల్‌కు 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు అని అంకె ఉంది. డ్రగ్స్‌కు అంకె లేదు, బండిని అదుపులో పెట్టుకోలేనంత ప్రభావంలో ఉన్నాడని చూపాలి. రోడ్డు మీది లాలాజల కిట్లు కొన్ని తరగతులనే చూస్తాయి. అది నెగటివ్ వచ్చి మనిషి తూలుతుంటే రక్తం తీసి పంపడమే మార్గం.

దశ 9. రిపోర్టులో ఏం రాస్తున్నాం

కోర్టులో డిఫెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్న: "ఈ మోతాదు వల్ల నా క్లయింటు బండి నడపలేడని చెప్పగలరా?" బ్రోమజోలామ్‌కు ఆరోగ్యవంతుల మీద మోతాదు పెంచుతూ డ్రైవింగ్ పరీక్ష చేసిన అధ్యయనాల మీద నిలబడి సమాధానం చెప్పే వీలు లేదు. అలవాటుపడ్డవాడికీ మొదటిసారి వేసుకున్నవాడికీ ఒకే అంకె వేరుగా పనిచేస్తుంది. కాబట్టి మా రిపోర్టులో ఉండేది: మందు పేరు, పరిమాణం చెప్పగలిగితే అది, తరగతి, ఆ తరగతి సాధారణంగా కలిగించే ప్రభావాలు. డ్రైవర్ ఎలా ఉన్నాడన్నది డీఆర్ఈ, పోలీసు కెమెరా చెప్పాలి. రెండూ కలిపి చదవమని రాస్తాం. స్టాండర్డ్ లేకుండా లైబ్రరీ మీదే పోల్చిన పేరు రిపోర్టులోకి రాదు. అది మా లోపలి చిట్టాలోనే ఉంటుంది.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నవి

1. ఫెనజోలామ్ స్టాండర్డ్ ఆర్డర్ పెట్టాం. లెక్క ప్రకారం దాని మాస్ 387.0007. బ్రోమిన్, క్లోరిన్ రెండూ ఉన్నాయి కాబట్టి ఐసోటోప్ ఆకారం జంటగా కాకుండా మూడు మెట్లుగా రావాలి.
2. కొత్త పేరు చేర్చడానికి చిన్న వాలిడేషన్ ప్రోటోకాల్ రాస్తున్నాం. గుర్తింపు హద్దు, అడ్డుతగిలే పీక్‌లు, క్యారీఓవర్, నిలకడ ఇవి మాత్రమే. ప్రతిసారీ మొత్తం పద్ధతిని మళ్లీ మొదటి నుంచి చేయాలంటే, పూర్తయ్యేసరికి ఆ మందు మార్కెట్లోంచే పోతుంది. క్వాలిటీ విభాగం ఇంకా సంతకం పెట్టలేదు.
3. కన్నాబినాయిడ్ల ఆమ్ల ఎక్స్‌ట్రాక్షన్ వాలిడేషన్ సగంలో ఉంది. అసలు మందులకు 0.1 నానోగ్రాము హద్దు రావాలి, ఇప్పుడు 0.3 దగ్గర ఉన్నాం. కాలమ్ చివర దిగే ఫాస్ఫోలిపిడ్లు అడ్డుపడుతున్నాయి. వాటిని పట్టుకునే ప్లేటు నమూనా ఒకటి తెప్పించాం, వచ్చే బ్యాచ్‌లో దానితో చూస్తాం.
4. రెండో పెట్టెలో ఖాళీగా వచ్చిన ఫైళ్లను హైరెస్‌ఎన్‌పీఎస్ కొత్త జాబితా వచ్చినప్పుడల్లా మళ్లీ వెతికే స్క్రిప్ట్ నడుస్తోంది. దొంగ పీక్‌లు ఎక్కువగా ఇస్తోంది. మాస్ తేడాను 5 నుంచి 3 పీపీఎంకు బిగించి చూడాలి.